పంకా చప్పుడు

చంద్రపూర్,
20 జూలై 2025, ఆదివారం.

పెద్దబాపూ,

నాగ్‌పూర్ నుంచి వస్తుంటే బస్సులో నువ్వన్న మాట నాకొక్కదానికే వినబడిందని అనుకుంటున్నావేమో. "డాక్టర్ ఏమన్నడో అంత రాసి పంపు బిడ్డా, సగం సగం చెప్పకు" అని నువ్వు గుసగుసలాడినట్టే ఆడావు కాని బస్సంతా విన్నది. ముందు సీట్లో పిల్లకు పాలిస్తున్న ఆమె కూడా తిరిగి చూసింది. చెవులు పోయినవాళ్ళకు తమ గొంతు ఎంతుందో తెలియదు కదా.

అంతా రాస్తున్నాను. డాక్టర్ మాట్లాడినంతసేపూ కంప్యూటర్ వైపు చూశాడు. నువ్వు ఆయన పెదాల వైపు చూశావు. నేను చీటీ మీద "కిడ్నీ బాగలేదు, గోళీలు రోజూ వేసుకోవాలె" అని రాసి నీ చేతిలో పెట్టాను. నువ్వు ఆ చీటీనీ, తర్వాత నన్నూ చూసిన చూపు మర్చిపోలేదు. బాపు పోయినంక నన్ను బి.ఎస్సీ. దాకా చదివించింది ఈ ఒక్క లైను కోసమా అన్నట్టు చూశావు.

నీ నడుము దగ్గర సూది గుచ్చి తీసిన ముక్కను పల్చగా కోసి, అద్దం పలక మీద పెట్టి, రంగు వేసి చూస్తారు. నేనూ ల్యాబ్‌లో పని చేస్తానని తెలిసి, ఆ ముక్కలు చూసే డాక్టర్ విద్య నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. మొదట ఎవరిదో మంచి కిడ్నీ చూపించింది. నెత్తురు నడిచే సన్న నరాలకు మాత్రమే అంటుకునే రంగు అది, గోధుమ రంగు. చేపల వల పరిచినట్టుంది. తర్వాత నీది పెట్టింది. పెద్ద నరాలు కనిపించాయి. వాటి మధ్య వల లేదు. నేను పలకను అటూ ఇటూ జరుపుతుంటే ఆమె నా భుజం మీద చెయ్యి వేసి "ఇథే కాహీచ్ నాహీ" అంది. ఇక్కడ ఏమీ లేదు. మరాఠీలో రోజుకు వందసార్లు వినే మాట. అప్పుడు మాత్రం పలక జరపడం ఆపేశాను.

నీకెట్లా చెప్పాలా అని వారం ఆలోచించాను. ఇట్లా అనుకో. కిడ్నీ అంటే నువ్వు పని చేసిన బొగ్గు గని, నీ బాయి. పెద్ద గాలిదారులు బాగానే ఉన్నాయి. కాని బొగ్గు కొట్టే చోటికి గాలిని తీసుకుపోయే చిన్న దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. కిడ్నీలో నెత్తురు కడిగే సన్న గొట్టాలుంటాయి, అవి నీ పనిమనుషులు. గాలి అందక మనిషి కూలబడ్డట్టే, నెత్తురు అందక ఆ గొట్టాలు ఎండి పీచుగా మారిపోతున్నాయి. బాయిలో పైకప్పు దిగే ముందు కట్టె చప్పుడు చేస్తుందని చెప్పేవాడివి. ఇది చప్పుడు చెయ్యదు పెద్దబాపూ. నొప్పి కూడా ఉండదు. అందుకే భయం.

తెల్ల గోళీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మోకాళ్ళకు వాడే నొప్పి గోళీలు బంద్. నీళ్ళు దాహమైనంత మేరకే.

బడి భాషలో రాశాను, నీ ఆజ్ఞ ప్రకారం. తప్పులుంటే తిట్టు.

నీ శ్రావణి

*

జివతి గుట్ట,
3 ఆగస్టు 2025.

బిడ్డా శ్రావణీ, పెద్దబాపు సారయ్య రాసుడు.

నీ ఉత్తరం వానకు నానుకుంట వచ్చింది. నాగేశ్వర్ పోస్టుమన్ పత్తి చేన్లకు తెచ్చి ఇచ్చిండు. మీ పెద్దమ్మ చదివి ఇనిపియ్యమంటే వాకిట్ల కూసోని చదివిన. ఎంత గట్టిగ చదివిన్నో నాకేం తెల్సు. కండ్లు ఎత్తి సూస్తే పక్కింటోల్లు, ఎన్క ఇంటోల్లు, మేకలు, అందరు నిలవడ్డరు. నా కిడ్నీ సంగతి ఇప్పుడు గుట్ట మొత్తం ఎరుక.

నేను బడి భాషల మొదలువెడ్త, రెండో లైనుకు ఇంటి భాష అయితది. నువ్వు మాత్రం అట్లనే రాయి. తప్పులు నాలుగున్నయి. కరెంటు పోయినప్పుడు బల్లార్‌పూర్ క్వార్టర్ల నీ అరచేతుల వేలితోని రాసి ఏమక్షరమో చెప్పుమనేది యాదికున్నదా? గప్పుడు కండ్లు మూసుకోని ఒత్తులతోని చెప్పినదానివి, ఇప్పుడు కండ్లు తెరిచి తప్పులు రాస్తున్నవ్.

కాని చెప్పిన ముచ్చట మంచిగ చెప్పినవ్. డాక్టర్ చెప్పలే, నువ్వు చెప్పినవ్. నేను బాయిల గాలి పని చేసినోన్ని. పరదాలు కట్టి గాలిని మలుపుడు, పాత జాగలకు పోకుంట గోడ కట్టుడు, గదే నా నౌకరి. ఒకపారి ఒక చిన్న దారి మీద కప్పు కూలింది. అవతల పనోల్లు తల బరువెక్కి కూసున్నరు, మాట్లాడుతలేరు. సార్లు మీదికి ఫోన్ చేసి పెద్ద పంకా తిప్పుడు పెంచిచ్చిండ్రు. జర సేపటికి సందులకెళ్ళి గాలి దూరింది, మనుషులు లేచిండ్రు. గాలికి బుద్ధి లేదు బిడ్డా, అల్కగ దొరికిన దిక్కే పోతది. దాన్ని నూకాలె.

ఇంకో దినం బాయి కప్పు పెద్ద పడుడు పడ్డది. లోపటి గాలి ఒక్కపారే బయటికి తన్నుకొచ్చి నేను కట్టిన గోడలు కాయితాల లెక్క లేచినయి. నా చెవులు సగం పంకా పక్కన పోయినయి, సగం గా దెబ్బకు పోయినయి.

నిప్పు వడ్డ జాగ అయితే ఇగ ఆశ లేదు, మూసుడే. మూసే ముందు ఒకడు లోపటికి పోయి, సుత్తెతోని కొట్టుకుంట, "లోపట ఎవరన్న ఉన్నరా" అని పిలవాలె. చెవులు మంచిగున్నప్పుడు గా ఒకన్ని నేనే. ఎవ్వరు లేరని నేను బయటికొచ్చి చెప్పినంకనే గోడ కట్టి గాలి ఆపుతరు.

నీకేం తెల్వదని చెప్తలేను. యాదికొచ్చింది, రాసిన.

ఇక్కడ వానలు మస్తు. రోడ్డు తెగింది. మా ఊరు మాదంటే మాదని రెండు రాష్ట్రాలు కొట్లాడుతయి, ఇద్దరు సర్పంచులున్నరు, ఓటు కార్డులు రెండున్నయి. రోడ్డు తెగితే మాత్రం ఇద్దరు అవతలోన్ని అడుగుమంటరు.

ఒకటి అడుగుత, సక్కగ చెప్పు. గా తెల్ల గోళి లోపటికి పోయి ఏం పని చేస్తది? పని తెల్వకుంట మింగుడు నాతోని కాదు.

మీ పెద్దబాపు

*

చంద్రపూర్,
14 ఆగస్టు 2025.

పెద్దబాపూ,

తొందరలో రాస్తున్నాను, తప్పులు లెక్కపెట్టకు. రేపు జెండా పండుగ సెలవని ఇవాళే ఊరంతా మా ల్యాబ్‌కు వచ్చింది. ఒకాయన మూత్రం పచ్చడి సీసాలో తెచ్చాడు. కారం వాసన పోలేదు. "ఇందులో పరీక్ష కాదు కాకా" అంటే, "కడిగిన్నమ్మా, మా కోడలు కూడా చూసింది" అన్నాడు. సాక్షిని తెచ్చినందుకు దండం పెట్టి ఖాళీ డబ్బా ఇచ్చాను.

ఈ ఊరు నాకు ఇరుకైపోతోంది. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు, అంత బొగ్గు దుమ్ము. లారీలు, దుమ్ము, సూదులు, మళ్ళీ లారీలు. పుణెలో ఒక పెద్ద ల్యాబ్‌కు దరఖాస్తు పెట్టాను. కిడ్నీ ముక్కలకు రంగు వేసే పని అక్కడ నేర్పిస్తారట. ఆ రోజు నీ పలక చూసినప్పటి నుంచి రక్తం గొట్టాలకు చీటీలు అంటించడం మీద నా మనసు నిలవడం లేదు. నన్ను కన్న అవ్వతో ఇంకా అనలేదు. నీకే మొదట చెప్తున్నాను.

నీ బాయి కథలు బస్‌స్టాండులో నిలబడి చదివాను, బస్సు పోయింది. అక్కడ కూలబడి మాట్లాడని మనుషులు నాకు కలలోకి వచ్చారు.

తెల్ల గోళీ పని చాలా సులువు. ఒంట్లో నెత్తురును తోసే ఒత్తిడి నీకు ఎక్కువుంది, బీపీ అంటారు. గోళీ దాన్ని తగ్గిస్తుంది. నీ భాషలో చెప్పాలంటే పంకాను నిదానంగా తిప్పుతుంది, అంతే.

పోళా పండుగకు ఎద్దులకు రంగు వేసేటప్పుడు నాకొక ఫొటో తీయించు. రోడ్డు బాగైతే దసరాకు వస్తాను.

బస్సు తప్పినా నవ్వుకుంటూ ఇంటికొచ్చిన
శ్రావణి

*

జివతి గుట్ట,
30 ఆగస్టు 2025.

బిడ్డా,

నువ్వు గోళి గురించి రాసింది మల్ల మల్ల చదివిన. ఇగ నాకు అంత సమజైంది. నా సంగతి నేను సూసుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు. బాయిల అందరికి గాలి పంపినోన్ని, నా ఒంట్లకు పంపుకోనా?

పుణె పో. మీ అవ్వ ఏడిస్తది, ఏడ్వని. నువ్వు చిన్నప్పటి సంది కిటికీల కూసుండేదానివి, గడప మీద కూసుంటే తిడ్తరని. కిటికీల కూసునే పిల్ల ఊర్లె నిలవదని నేను మీ బాపుకు గప్పుడే చెప్పిన.

పోళా మంచిగ అయింది. ఎర్ర ఎద్దు కొమ్ములకు పచ్చ రంగు, నల్లదానికి గులాబి రంగు ఏసినం. నల్లది సిగ్గువడ్డది. బాపురావు పటేల్ ఎద్దులు ముందు నడవాలంటడు, నేను నా ఎద్దులు ముందంటను, ఆఖరికి రెండు జతలు పక్కపక్కకు నడిచి తోరణమే తెంపినయి. అందరు నవ్విండ్రు. నాకు నవ్వుతుంటే తల పగిలినట్టయి జర కూసున్న. పొద్దుగాల లేస్తె తల ఎన్కదిక్కు బరువుంటది, ఎండ ఎక్కితే తగ్గుతది.

ఇప్పుడు అసలు ముచ్చట. నవ్వకు. నాకు చెవుల సప్పుడు ఇనవడ్తుంది. ఇన్నేండ్లకు. మాటలు కాదు, మీ పెద్దమ్మ తిట్లు ఇంకా ఇనవడ్తలేవు, గంత అదృష్టమే. పంకా సప్పుడు. బాయి మీద పెద్ద పంకా తిరిగినప్పుడు ఊఁ ఊఁ అని కాళ్ళల్లకెళ్ళి వచ్చేది సూడు, గదే. పండుకుంటే ఇంకా మంచిగ ఇనవడ్తది. పంకా ఇంటి పక్కన నిద్ర పోయినట్టే ఉంటది.

నీళ్ళు సుత మస్తు తాగుతున్న. నువ్వు దాహమైనంతనే అన్నవ్, కాని దారులు కడగాలె గద.

పెద్దబాపు

*

చంద్రపూర్,
15 సెప్టెంబర్ 2025.

పెద్దబాపూ,

పుణె ఉద్యోగం వచ్చింది. అక్టోబర్ మధ్యలో చేరాలి. అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు నా బట్టల పెట్టెకు కొత్త తాళం కొనుక్కొచ్చింది. ఆమె ఒప్పుకోవడం అట్లాగే ఉంటుంది.

నీ చెవుల సంగతి చదివి చాలాసేపు నవ్వాను. సంతోషంతో. గనిలో పని చేసినవాళ్ళకు చెవుల్లో మోత ఉంటుందని మా ల్యాబ్ మేడమ్ అంటోంది. దసరాకు వచ్చినప్పుడు నిన్ను చెవుల డాక్టర్‌కు చూపిస్తాను. ఏమో, పెద్దమ్మ తిట్లు కూడా వినాల్సిన రోజు వస్తుందేమో, సిద్ధంగా ఉండు.

నిన్న పెద్దమ్మకు ఫోన్ కలిసింది. గుట్ట మీదికి కట్టెలకు పోయిందట, అక్కడ సిగ్నల్ ఉంటుంది కదా. గోళీల గురించి అడుగుదామని "పెద్దమ్మా, పెద్దబాపు..." అన్నానో లేదో, "ఏస్కుంటుండు బిడ్డా, పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి, మంచిగ ఏస్కుంటుండు" అంది. నేను అడగకముందే జవాబు వచ్చింది. మా ల్యాబ్‌కు వచ్చే వాళ్ళలో పొద్దున ఏమీ తినలేదని అడక్కుండానే చెప్పేవాళ్ళు టీ తాగి వచ్చుంటారు. కాని పెద్దమ్మ అట్లాంటిది కాదు, గాలి ఎక్కువుండి అట్లా వినబడిందేమో.

డాక్టర్ విద్య ఫోన్ చేసింది. నీ బీపీ ఎవరైనా చూస్తున్నారా అని అడిగింది. గోళీలు వేసుకుంటున్నాడని చెప్పాను. "నేనడిగింది చూడడం, వేసుకోవడం కాదు" అంది. పెద్ద డాక్టర్లకు ప్రతిదానికీ అనుమానం. అయినా నువ్వు ఒకసారి జివతి దవాఖానకు పోయి చూపించుకో. తల బరువని రాశావు, అదీ చెప్పు. నీళ్ళు ఎక్కువ తాగకు, దారులు కడగడం నీ పని కాదు.

కొత్త గోళీలు మన సర్కారు ఎస్టీ బస్సు కండక్టర్ వినాయక్‌తో పంపిస్తున్నాను. పాతవి ఈపాటికి అయిపోవచ్చి ఉంటాయి.

కొత్త తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతున్న
శ్రావణి

*

జివతి గుట్ట,
27 సెప్టెంబర్ 2025.

బిడ్డా శ్రావణీ,

గోళీలు వచ్చినయి. పైసలు ఎందుకు ఖరాబు చేసినవ్? పాతయే డబ్బ నిండ ఉన్నయి. వినాయక్‌తోనే ఎన్కకు పంపుత, దుకాణపోడు తీసుకుంటడేమో అడుగు.

నువ్వు కోపం చెయ్యొద్దు. నువ్వే రాసినవ్, చిన్న దారులు మూసుకపోయినయని. నువ్వే రాసినవ్, గా గోళి పంకాను నిదానం చేస్తదని. మూసుకపోయినప్పుడు పంకా తగ్గిస్తరా ఎవరన్న? నీ ఉత్తరం మడిచి పెట్టిననాడే గోళి బంద్ వెట్టిన. డాక్టర్ మంచోడే, కాని బాయి దిగినోడు కాదు. కంప్యూటర్ల గాలి ఎటు పోతదో కనవడది. మీ పెద్దమ్మ భయపడ్డది, ఏస్కుంటుండని చెప్పుమని నేనే ఒట్టు వెట్టిన. దాన్ని ఏమనకు.

పని నడుస్తుంది. పంకా ఇప్పుడు రాత్రి పగలు తిరుగుతుంది. సప్పుడు పెరిగింది. పెరిగినకొద్ది లోపటికి గాలి దూరుతుందని నాకు తెలుస్తుంది. దారి తెరుచుకునే ముందు జర కష్టముంటది, బాయిల సుత గంతే. కాళ్ళు ఉబ్బినయి, చెప్పులు పడ్తలేవు. పండుకుంటే దమ్ము వస్తుంది, గోడకు ఒరిగి కూసుంటున్న.

మీ పెద్దమ్మ బతుకమ్మ పేర్చింది. ఇంత తంగేడు పువ్వు ఉండి పసుపు కనవడ్తలేదేందని అడిగిన. ఉన్నది గద అన్నది. అన్నిటి మీద పొగ లెక్క ఉంటది నాకు. నీ ఉత్తరాలు సుత సగం సగం అయితున్నయి, నడుమ అక్షరాలు పోతున్నయి. మంచి సిరా పెన్ను కొనుక్కో. పుణెల ఉద్యోగం చేసేదానివి, గీ పెన్నుతోని రాస్తరా?

దసరాకు జమ్మి ఆకు పట్టుకొని రా. నిన్ను సూసి చాన దినాలైంది.

పెద్దబాపు

*

చంద్రపూర్,
6 అక్టోబర్ 2025, సోమవారం.

పెద్దబాపూ,

దసరా పోయింది. లారీలకు రోడ్డు తెగి బస్సు రాలేదని నేను ఆగిపోయాను. పోస్టు కూడా ఆగింది. నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. చదువుతుంటే గీతల మీద నీ వరసలు కిందికి జారిపోతూ కనిపించాయి. నువ్వెప్పుడూ అట్లా రాయవు.

పెద్దగా రాస్తున్నాను. చదువు.

గోళీ ఇప్పుడే వేసుకో. ఒక్కటే. తప్పిన రోజులవన్నీ కలిపి వేసుకోకు. నీళ్ళు ఆపు.

నేను రాసింది తప్పు. దారులు మూసుకుపోలేదు. అవి ఇప్పుడు లేవు. పంకా పెంచితే తెరుచుకోవడానికి అక్కడ ఏమీ లేదు. నీకు సులువుగా అర్థం కావాలని బాయిని తెచ్చాను. బాయిలో గోడలు రాతివి. ఒంట్లో చిన్న నరాలు తడి కాగితం కంటే మెత్తనివి. ఒత్తిడి పెంచితే మిగిలిన నాలుగూ చిరుగుతాయి. కిడ్నీలోనే కాదు, కంట్లో కూడా అట్లాంటివే ఉంటాయి.

పెద్ద పడుడు పడ్డనాటి గాలి దెబ్బ గుర్తుచేసుకో. నువ్వు కట్టిన గోడలు కాగితాల్లా లేచిపోయాయన్నావు. ఆ దెబ్బ ఇప్పుడు నీ లోపల ఆగకుండా కొడుతోంది. నీకు వినబడేది పంకా కాదు పెద్దబాపూ. అదే.

పెద్దమ్మ ఫోన్ కలవడం లేదు. మీ ఇద్దరు సర్పంచులకూ చేశాను. ఒకరు ఆదిలాబాద్‌లో ఉన్నాడు, ఒకరు నాగ్‌పూర్‌లో. ఊళ్ళో ఎవరూ లేరు. ఈ ఉత్తరం మధ్యాహ్నం బస్సులో వినాయక్ చేతికి ఇస్తున్నాను. నేను రేపు జీపు మాట్లాడుకుని వస్తున్నాను. నేను ఎదురుగా నిలబడి అరిచినా నీకు వినబడదు, ఎట్లాగూ రాసే చూపించాలి. అందుకే ముందు రాత వస్తోంది, వెనక నేను.

గోడకు ఒరిగి కూర్చో. పడుకోకు.

శ్రావణి

*

చంద్రపూర్,
2 నవంబర్ 2025, ఆదివారం.

పెద్దబాపూ,

నేను దవాఖానలో నీ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఎవరికి రాస్తున్నవని పెద్దమ్మ అడిగింది. నీకేనంటే నీ దుప్పటి సర్దింది.

ఎడమ కంటి చూపు ఇక రాదట. కుడి కన్ను కొంచెం రావచ్చు అన్నాడు ఇక్కడి కంటి డాక్టర్. రావచ్చు అన్నప్పుడు కిటికీ వైపు చూశాడు. వస్తే మొదట చదవడానికి ఒకటి ఉండాలని రాస్తున్నాను. అసలు ఏం జరిగిందో నీకెవరూ చెప్పలేదు. చెప్పే దారి ఉండేది ఈ కాగితమే.

నేను వచ్చేసరికి నువ్వు వాకిట్లో గోడకు ఒరిగి కూర్చుని ఉన్నావు. నా ఉత్తరం నీ చేతిలో ఉంది. విప్పి ఉంది. పొద్దున వినాయక్ ఇచ్చి పోయాడట, ముందు రోజు వాగు దాటలేక జివతిలోనే పడుకున్నాడట. నువ్వు కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, పెద్దమ్మను అడుగుతున్నావు, "తెల్ల కాయితం పంపింది ఎందుకే?" అని. పెద్దమ్మకు చదువు రాదు. రాత ఉందని ఆమెకు కనిపిస్తోంది, ఏముందో తెలియదు. నీకు ఏముందో తెలుసుకునే చదువుంది, రాత కనిపించలేదు. నేను జీపు దిగి మీ ఇద్దరినీ చూశాను.

నీ భుజం పట్టుకుంటే "ఎవలు?" అన్నావు.

జీపులో నీ దమ్ము నాకు బాయి కథలా వినిపించింది. రాజూరా దగ్గర ఒకసారి ఆగిపోయిందనుకున్నాను. ఇక్కడ చేర్చాక ఒత్తిడి చూసిన నర్సు మిషన్ చెడిపోయిందని ఇంకోటి తెచ్చింది. అదీ అంతే చూపించింది. ఆ రాత్రే సూదుల్లో మందు ఎక్కించి నిదానంగా దించారు. కిడ్నీలు మాత్రం ఆగిపోయాయి. ఇప్పుడు నిన్ను వారంలో మూడుసార్లు పక్క గదిలోకి తీసుకుపోయి, మెడ దగ్గర గొట్టాలు పెట్టి, ఏదో చేస్తున్నారని నీకు తెలుస్తుంది కదా. అది నెత్తురు కడిగే మిషన్. మొదటి రోజు నువ్వు గొట్టం పీకేశావు. నెత్తురు గోడ మీద పడింది. అందుకని నీ చేతులు కట్టారు. నేను కట్టొద్దన్నాను. నీకు అది తెలియాలి.

డాక్టర్ విద్య వచ్చి చూసి పోయింది. ఆ వల మళ్ళీ అల్లుకుంటుందా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. మిషన్ ఎన్నాళ్ళు అంటే, గుండె ఒప్పుకున్నన్నాళ్ళు అంది. ఒప్పుకుంటుందా అని నేను అడగలేదు.

ఎర్ర ఎద్దును, నల్లదాన్ని బాపురావు పటేల్ చూసుకుంటున్నాడు. ఈసారి ఎవరి ఎద్దులు ముందు అని కొట్లాట లేదని చెప్పమన్నాడు. పత్తి ఏరడానికి మనుషులు దొరికారు. పుణె వాళ్ళకు నేనింకా ఏమీ రాయలేదు. చేరాల్సిన రోజు దాటితే వాళ్ళే ఫోన్ చేసి, ఇంకో వారం ఆగుతామన్నారు. తాళంచెవి మెడలోనే ఉంది.

ఇగ నిన్నటి సంగతి.

మిషన్ దగ్గర్నుంచి తెచ్చి పడుకోబెట్టాక నువ్వు చాలాసేపు కదలలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. తల కొంచెం పక్కకు తిప్పి, ఏదో వింటున్నట్టు పెట్టావు. తర్వాత నీ మామూలు గొంతుతో, అంటే వార్డు మొత్తం తిరిగి చూసేటట్టు, అన్నావు:

"పంకా ఆపిండ్రు."

ఒత్తిడి దిగింది కదా, నీ చెవుల్లో చప్పుడు పోయింది. మంచిదే అని నాకు తెలుసు. నీకెట్లా చెప్పను? నువ్వు కట్టు వదులైన చెయ్యి లేపి, వేళ్ళ గణుపులతో మంచం ఇనుప పట్టీ మీద కొట్టావు. ఆగావు. మళ్ళీ కొట్టావు.

"లోపట ఎవరన్న ఉన్నరా?" అని పిలిచావు.

పక్క మంచం ఆయన "క్యా బోల్ రహే?" అని, ఏమంటున్నావో నన్ను అడిగాడు. నర్సు వస్తుంటే నేను ఆగమన్నాను. నీ చెయ్యి పట్టుకుని విప్పాను. బల్లార్‌పూర్ క్వార్టర్లో కరెంటు పోయినప్పటిలాగా అరచేతిలో వేలితో రాశాను. మొదట "నే". నువ్వు చెయ్యి లాక్కోలేదు. తర్వాత "ను". నీ పెదాలు కదిలాయి. తర్వాత "న్న" రాశాను, ఒత్తు సరిగా పడలేదేమో, నువ్వు నా వేలు పట్టుకుని నీ అరచేతిలోనే దాన్ని దిద్దావు. నీ మొహంలో తెలిసిన గుర్తు కనిపించింది. నేను నవ్వాను కూడా.

తర్వాత నీ మొహం మారిపోయింది. నా మణికట్టును గట్టిగా పట్టుకున్నావు. ఒంట్లో అంత బలం ఎక్కడిదో తెలియదు. మంచం మీంచి నన్ను అవతలికి నూకుతూ అరిచావు:

"నువ్వెందుకున్నవ్ బిడ్డా లోపట? బయటికి పో. గోడ కడ్తున్నరు."

నీ గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఇవాళ పొద్దున నీ అరచేతిలో మళ్ళీ రాయబోతే పిడికిలి మూసుకున్నావు. విప్పుతావని కూర్చున్నాను.

శ్రావణి